ఎండాకాలపు తిరునాళ్ళు

మైసూరు చేరాక వేసవి యాత్రికులు రెండు దారులు పడతారు. ఎండను తప్పించుకోవాలనుకునేవారు గుండ్లుపేట మీదుగా ఊటీకి ఎక్కుతారు. ఎండ కోసమే వచ్చినవారు హెగ్గడదేవనకోటె వైపు తిరుగుతారు. ఈ రెండో జట్టు చిన్నది, కాస్త వింతైనది కూడా. చెట్లు ఆకు రాల్చి మోడులై, వాగులు ఇంకిపోయి, జీపు లేపిన ఎర్రదుమ్ము ఎంతకీ కిందికి దిగని రోజుల్లో అడవి మధ్య ఒక జలాశయం ఒడ్డున రెండు మూడు రోజులు గడపడానికి వీళ్ళు ఎంతో ముందుగానే గదులు ఖాయం చేసుకుంటారు. డిసెంబరులో ఇక్కడ గాలి చల్లగా, హాయిగా ఉంటుంది. కానీ ఏనుగులు ఇలా కనిపించేది డిసెంబరులో కాదు.

ఆ జలాశయం కబిని. మైసూరు నుంచి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న కారాపుర అనే ఊరి దగ్గర దాని ఒడ్డున రిసార్టులు వరుసగా కనిపిస్తాయి. నీటికి ఉత్తరాన నాగరహొళె, దక్షిణాన బండీపుర. పడమర కేరళలోని వయనాడు అడవి, ఇంకా కిందికి పోతే తమిళనాడు ముదుమలై. పేర్లు నాలుగు, రాష్ట్రాలు మూడు, అడవి మాత్రం ఒక్కటే. 2023లో కర్ణాటక అటవీశాఖ జరిపిన గణనలో రాష్ట్రం మొత్తం మీద 6,395 ఏనుగులున్నాయని అంచనా వేస్తే, బండీపుర (1,116), నాగరహొళె (831) రెండింటిలోనే దాదాపు 2,000 తేలాయి. దేశంలో ఏనుగులు ఇంత చిక్కగా ఉన్న చోట్లు అరుదు. ఎండాకాలంలో వాటిలో చాలా భాగం ఈ నీటి చుట్టూ చేరుతుంది. ఆసియా ఏనుగులు ఇన్ని ఒక్కచోట కనిపించే జాగా ప్రపంచంలోనే మరొకటి దొరకడం కష్టమంటారు.

సాయంత్రం నాలుగు దాటి ఎండ కాస్త వాలాక మొదటి గుంపు చెట్ల అంచున కనిపిస్తుంది. వెంటనే బయటికి రాదు. గుంపుకు పెద్దదిక్కు ఎప్పుడూ ఒక వయసు మళ్ళిన ఆడ ఏనుగే. అది తొండం ఎత్తి గాలి వాసన చూస్తుంది. పడవ ఇంజను ఆపి నీటిలో నిలిచిపోతుంది. రెండు నిమిషాలో, ఐదు నిమిషాలో గడిచాక పెద్దావిడ అడుగు ముందుకు వేస్తుంది. వెనక కూతుళ్ళు, చెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు. ఇంకో మూడు వందల గజాల అవతల మరో గుంపు. వంపు తిరిగితే మూడోది. చీకటి పడే వేళకు పచ్చటి ఒడ్డంతా బూడిదరంగు మచ్చలే.

పచ్చటి ఒడ్డు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఏప్రిల్‌లో అడవిలో గడ్డి ఎండి పీచు పీచుగా ఉంటుంది. చాలాచోట్ల మంటలకు కాలిపోయి కూడా ఉంటుంది. మరి ఈ పచ్చదనం ఎక్కడిది? జలాశయం నుంచి కాలువలకూ నదికీ నీళ్ళు వదిలేకొద్దీ మట్టం దిగుతుంది. దిగిన ప్రతి అడుగుకూ తడి ఒండ్రు నేల ఎండకు బయటపడుతుంది. ఆ తడిలో రోజుల వ్యవధిలోనే లేతగడ్డి మొలుస్తుంది. నీరు ఇంకాస్త వెనక్కి పోతుంది, గడ్డి దాని వెంటే పోతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఇలా రోజూ కొత్త పంక్తి పరిచినట్టు పచ్చిక నీటి అంచును వెంబడిస్తూనే ఉంటుంది. రోజుకు నూటయాభై కిలోల దాకా మేత, వంద లీటర్ల పైచిలుకు నీరు కావలసిన జంతువుకు రెండూ ఒక్కచోట దొరికితే ఇంకెక్కడికి పోతుంది?

ఈ గడ్డి బెత్తెడు ఎత్తు కూడా ఉండదు. తొండం చుట్టి పీకడానికి చిక్కదు. అందుకని ఏనుగు ముందరి కాలి గోళ్ళతో నేలను చెక్కుతుంది. చెక్కగా లేచిన గడ్డిని తొండంతో కుప్పచేస్తుంది. ఎత్తి, మోకాలికి రెండు మూడుసార్లు కొట్టి, తోటకూర కట్ట మొదళ్ళకున్న మన్ను దులిపినట్టు దులిపి, అప్పుడు నోట్లో పెట్టుకుంటుంది. ఒడ్డు మీద ముప్పై ఏనుగులుంటే ముప్పై ముందరి కాళ్ళు ఒకే రకంగా ఊగుతుంటాయి. గంటల తరబడి ఇదే పని. పులి కోసం వచ్చినవారికి పది నిమిషాల్లో విసుగు పుడుతుంది. ఏనుగుల కోసం వచ్చినవారు పడవ వెనక్కి తిప్పవద్దని బతిమాలుతారు. నెలల పిల్లలను చూస్తే అసలు కదలబుద్ధి కాదు. వాటికి తొండాన్ని ఏం చేసుకోవాలో ఇంకా తెలియదు. కాసేపు దాన్ని గాలిలో తిప్పి, కాసేపు దానిమీదే కాలు వేసి తడబడి, చివరికి నీళ్ళు తాగడానికి ఏకంగా నోరే ముంచుతాయి.

మగవాటి రాక వేరు. అవి ఒంటరిగానో, జంటగానో వస్తాయి. గుంపుల మధ్య తిరుగుతూ ఆడ ఏనుగులను పరామర్శిస్తాయి. ఒక దశాబ్దం పైగా ఈ ఒడ్డుకు పెళ్ళిపెద్దలా వచ్చిపోయింది భోగేశ్వర. నేలను తాకేటంత పొడవైన, ఒకదాన్నొకటి దాటిపోయే దంతాలు దానివి. ఆ దంతాల వల్ల గడ్డి మేసేటప్పుడు తొండాన్ని పక్కగా తిప్పుకోవలసి వచ్చేది. ఎవరినీ తరిమే రకం కాదు. జీపుకు దారి ఇవ్వకపోతే, ఇవ్వాలనిపించేదాకా జీపే ఆగేది. 2022 జూన్‌లో బండీపుర అడవిలో వయసు మీదపడి చనిపోయింది. కొలిస్తే ఒక దంతం 2.54 మీటర్లు, రెండోది 2.34 మీటర్లు. ఆ వార్తకు ఫోటోగ్రాఫర్లు ఇంటిమనిషి పోయినట్టు బాధపడ్డారు. అంత పొడుగు దంతాలున్న ఏనుగు వేటగాళ్ళ చేతిలో కాక ముసలితనంతో పోవడం దక్షిణాదిలో చిన్న విషయం కాదు.

ఈ గుంపులన్నీ కలిసి మేస్తుంటే చూసేవారికి పెద్ద బంధువర్గం ఒక్కచోట చేరినట్టు అనిపిస్తుంది. గైడులూ అలాగే చెబుతారు. నిజం దీనికి కాస్త ఎడంగా ఉంది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రానికి చెందిన టి.ఎన్.సి. విద్య, ఆమె విద్యార్థులు 2009 నుంచి ఇక్కడి ఏనుగులను చెవి అంచుల చిరుగులు, తోక కుచ్చు, దంతాల తీరును బట్టి ఒక్కొక్కటిగా గుర్తించి నమోదు చేస్తూ వచ్చారు. వారు గమనించినదాని ప్రకారం ఇక్కడి ఆడ ఏనుగులు కొన్ని వంశాలుగా ఉంటాయి. ఒక వంశంలోవి ఇవాళ ఇద్దరు ముగ్గురిగా, రేపు మరో కూర్పులో తిరుగుతాయి. వంశం లోపల కలుపుగోలుగానే ఉంటాయి. రెండు వంశాలు ఎదురుపడినప్పుడే అసలు కథ. ఒకటి రెండోదాన్ని గడ్డి దగ్గరి నుంచి నెట్టేస్తుంది. ఇలాంటి తగవులు అడవి లోపల కన్నా ఈ ఒడ్డునే ఎక్కువ. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది: పక్క అడవిలో కన్నా ఇక్కడ మేత చాలా ఎక్కువ, అదీ ఒకేచోట కుప్పపోసినట్టు ఉంది. కుప్ప ఉన్నచోట కొట్లాట ఉంటుంది. తిరునాళ్ళే కానీ, దుకాణం జాగా కోసం తోపులాటతో కూడిన తిరునాళ్ళు.

విశేషం ఏమిటంటే, ఆ కుప్ప పోసింది ప్రకృతి కాదు.

కబిని ఆనకట్ట నిర్మాణం 1974లో పూర్తయింది. నిల్వ సామర్థ్యం 19.52 టీఎంసీలు. మన సాగర్, శ్రీశైలాలతో పోలిస్తే గిన్నెడు నీళ్ళే. ఆ గిన్నెలో మునిగినవి మాత్రం తక్కువేం కాదు. నది ఒడ్డు ఊళ్ళు పోయాయి. కాకనకోటె అడవిలో పెద్ద భాగం పోయింది. జలాశయంలో నేటికీ నిలువునా కనిపించే ఎండు మోడులు ఆ అడవివే. వాటి మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి, చలికాలంలో చేపల గద్దలు కాపు కాస్తాయి. ప్రతి పర్యాటకుడి కెమెరాలోనూ ఆ మోడుల బొమ్మ ఒకటి తప్పకుండా ఉంటుంది. అవి సగం నీళ్ళలో ఎందుకు నిలబడి ఉన్నాయని అడిగేవారు తక్కువ.

కాకనకోటె పేరు ఒకప్పుడు లండన్ దాకా తెలుసు. ఏనుగులను పట్టే ఖెడ్డాలు ఇక్కడే జరిగేవి. మైసూరు సంస్థానంలో జి.పి. శాండర్సన్ 1870లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. వందల మంది డప్పులు, కాగడాలతో గుంపులను కబిని నదిలోకి తోలి, అవతలి ఒడ్డున కట్టిన దడిలోకి ఎక్కించేవారు. రాజ అతిథులకు అదొక వేడుక. 1922లో వేల్స్ యువరాజు కారాపుర వచ్చి చూశాడు. కారాపురలో మావటి కొడుకుగా పుట్టిన సాబు అనే కుర్రవాణ్ని మైసూరు గజశాలలో రాబర్ట్ ఫ్లాహర్టీ బృందం చూసి 1937 నాటి ‘ఎలిఫెంట్ బాయ్’ సినిమాలో పెట్టింది. అతను అక్కడినుంచి హాలీవుడ్‌కు పోయాడు. చివరి ఖెడ్డా 1971లో జరిగింది. మరుసటి ఏడాది వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు నీళ్ళు వచ్చి దడుల జాగాలను కప్పేశాయి.

1968లో ఇక్కడి ఖెడ్డాలో చిక్కిన ఒక పిల్ల ఏనుగు చాలాకాలం తర్వాత దేశమంతటికీ తెలిసింది. పేరు అర్జున. 2012 నుంచి 2019 దాకా మైసూరు దసరాలో 750 కిలోల బంగారు అంబారీ మోసింది అదే. పట్టుబడిన అడవికి దగ్గరలోనే, మానంతవాడి రోడ్డు మీద ఉన్న బళ్ళె శిబిరంలో దాని నివాసం. పదవీ విరమణ చేసినా పని వదల్లేదు. 2023 డిసెంబరులో సకలేశపుర దగ్గర ఒక అడవి ఏనుగును పట్టే పనిలో, దానితోనే పోరాడుతూ చనిపోయింది. ఆ రోజు మావటి గుండె పగిలేలా ఏడ్చిన దృశ్యాన్ని కన్నడ టీవీలు పదే పదే చూపాయి.

ఆనకట్ట కట్టినవారికి ఏనుగుల మేత ఆలోచన ఉండే అవకాశం లేదు. నంజనగూడు, టి.నరసీపుర వైపు పొలాలకు నీరు పారించడం వారి ఉద్దేశం. ఏనుగులు ఆ నీళ్ళ అంచును తమ లెక్కలో చేర్చుకున్నాయి, అంతే. ఒక జంతువు సగటు ఆయుష్షు కన్నా తక్కువ కాలంలోనే ఈ ఏర్పాటు వాటికి అలవాటైంది. ఖెడ్డాలో తప్పించుకున్న పిల్ల ఏదైనా ఆ తర్వాత నాయనమ్మ వయసుకు చేరి, మనవరాళ్ళను ఇదే ఒడ్డుకు నడిపించుకు వచ్చి ఉండవచ్చు.

రిసార్టు కూడా ఇలాంటి సర్దుబాటే. 1980లో కర్ణాటక ప్రభుత్వం నేపాల్ టైగర్ టాప్స్ భాగస్వామ్యంతో జంగిల్ లాడ్జెస్ సంస్థను పెట్టి, మహారాజా వారి పాత వేట బంగళాలను విడిదిగా మార్చింది. తర్వాత టైగర్ టాప్స్ తప్పుకుంది. కర్నల్ జాన్ వేక్‌ఫీల్డ్ ఉండిపోయాడు. 1916లో గయలో పుట్టిన ఆంగ్లేయుడు, వయసులో ఉండగా పేరున్న వేటగాడు. తుపాకీ పక్కనపెట్టి కారాపురలో స్థిరపడ్డాక అందరికీ ‘పాపా’ అయ్యాడు. అతిథులను ఉదయాన్నే లేపి పంపడం, సాయంత్రం ఏం చూశారో అడిగి కూర్చోబెట్టి వినడం ఆయన దినచర్య. 2010 ఏప్రిల్‌లో, సరిగ్గా ఏనుగుల కాలంలో, 94 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆ లాడ్జి ఒరవడిలోనే తర్వాత ఒడ్డు పొడుగునా ప్రైవేటు రిసార్టులు వెలిశాయి. వాటిలో కొన్నింటికి సొంత ఈతకొలనులున్నాయి. జలాశయం కనిపిస్తుండగా ఈతకొలను దేనికంటే జవాబు ఒకటే: జలాశయంలో మొసళ్ళున్నాయి.

సఫారీలు నడిచే రోజుల్లో వేసవి దినచర్య ఎండను బట్టి సాగుతుంది. ఆరింటికి ముందే టీ, ఆ వెంటనే అడవి. ఈ వేళలో మోదుగ పూలు రాలిపోయి ఉంటాయి, రేల చెట్లు పచ్చని గుత్తులు వేలాడదీసి ఉంటాయి. ఆకుల్లేని అడవిలో చూపు చాలా దూరం పోతుంది. వేసవిలో జంతువులు ఎక్కువగా కనిపించడానికి నీటి కొరత ఒక కారణమైతే ఇది రెండోది. జింకలు పెట్టే హెచ్చరిక కూత విని డ్రైవరు ఇంజను ఆపుతాడు. చెట్టు మీద కొండముచ్చు దగ్గినట్టు అరిస్తే పులో, చిరుతో కదులుతోందని అర్థం. ఒక్కోసారి రేచుకుక్కల గుంపు జింకను నీళ్ళలోకి తరిమి, ఒడ్డున కూర్చుని అది అలసిపోయేదాకా ఎదురుచూస్తుంది. ఈ అడవుల్లో రేచుకుక్కల మీద పనిచేసిన మైసూరు మిత్రులు కృపాకర్, సేనాని తీసిన చిత్రానికి 2010లో వైల్డ్‌స్క్రీన్ పురస్కారం వచ్చింది. ఒక్కో కుక్కల కుటుంబం వెంట వాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగారు. రెండు రోజుల్లో అన్నీ చూసేయాలనుకునేవారికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

పది గంటల నుంచి నాలుగు దాకా అడవిలో ఏమీ జరగదు. ఇలకోళ్ళ రొద మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. పట్నం నుంచి వచ్చినవారికి ఈ ఆరు గంటలే కష్టం. ఫోను చూసుకుంటారు, సిగ్నలు లేదని విసుక్కుంటారు. తెలిసినవారు ఒడ్డున చెట్టు నీడలో దుర్భిణి పెట్టుకు కూర్చుంటారు. నీరు తీయగా బయటపడ్డ ఇసుక తిన్నెల మీద టెర్న్ పక్షులు గూడు అనేదే లేకుండా నేల మీదే గుడ్లు పెడతాయి. ఎండ వేడికి గుడ్లు ఉడికిపోకుండా తల్లి కడుపును నీళ్ళలో ముంచుకుని వచ్చి వాటిమీద కూర్చుంటుంది. నీటికుక్కల కుటుంబం ఒకటి చేపను పంచుకుంటూ పోట్లాడుకుంటుంది. ఉదయం పుట్టిలో షికారు కూడా ఉంటుంది. కృష్ణలోనూ తుంగభద్రలోనూ మనవాళ్ళు తిప్పే పుట్టి లాంటిదే. చప్పుడు లేదు కాబట్టి పక్షులు బెదరవు.

మే నెల మొదట్లో ఒకటి రెండు సాయంత్రాలు ఉరుములతో వాన పడుతుంది. కొడగు, వయనాడు కాఫీ తోటలవాళ్ళు ఇలాంటి జల్లుల కోసం మార్చి నుంచే ఆకాశం చూస్తారు, వాటితోనే కాఫీ పూస్తుంది. అడవికి ఆ జల్లు వేరే సాయం చేస్తుంది. కార్చిచ్చును ఆర్పుతుంది. 2019 ఫిబ్రవరిలో బండీపురలో నిప్పు అంటుకుని వేల ఎకరాలు కాలిపోయిన సంగతి ఇక్కడి అటవీ సిబ్బంది మరిచిపోలేదు. ఎండాకాలమంతా అగ్గి గీతలు చెక్కి, పగలూ రాత్రీ కాపలా కాసేవాళ్ళలో ఎక్కువమంది ఈ అడవిలోని గిరిజనులే.

వాళ్ళలో జేను కురుబలు ముఖ్యులు. జేను అంటే తేనె. పేరులోనే వృత్తి ఉంది. మావటీలూ, వాళ్ళ సహాయకులూ, సఫారీలో అందరికన్నా ముందు పులి జాడ పట్టేవాళ్ళూ చాలావరకు వీళ్ళే. ఒకవైపు ఆనకట్ట, ఇంకోవైపు అభయారణ్యం వచ్చి వీళ్ళను అడవి అంచులకు నెట్టాయి. వీళ్ళు ఊరికే ఉండలేదు. 1990లలో నాగరహొళె లోపల ఒక పెద్ద హోటల్ సంస్థ రిసార్టు కట్టబోతే ఆందోళన చేసి కోర్టుకెక్కారు. అడవి భూమిని కేంద్రం అనుమతి లేకుండా అలా ఇవ్వడం చెల్లదని 1997లో కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పింది. 2025 మేలో 52 జేను కురుబ కుటుంబాలు తమ పూర్వీకుల చోటని చెబుతూ నాగరహొళె అడవిలోకి తిరిగి వెళ్ళి గుడిసెలు వేసుకున్నాయి. అడవిలో మనిషి ఉండకూడదన్న సూత్రం అతిథికి ఒక రకంగా, ఆదివాసికి ఒక రకంగా ఎలా వర్తిస్తుందని వారు అడుగుతున్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవారు లేరు.

అడవి అంచు రైతుల ప్రశ్న మరొకటి. 2025 అక్టోబరు, నవంబరు నెలల్లో మైసూరు జిల్లాలోని ఈ ప్రాంతంలో పులుల దాడుల్లో ముగ్గురు చనిపోయారు. నవంబరు 7న అటవీ మంత్రి ఈశ్వర్ ఖండ్రే బండీపుర, నాగరహొళెల్లో సఫారీలు ఆపేసి, ఆ సిబ్బందిని పులుల గాలింపుకు మళ్ళించమని ఆదేశించారు. జీపుల రొద, రిసార్టుల సందడి తట్టుకోలేకే పులులు పొలాల మీదికి వస్తున్నాయన్నది గ్రామస్తుల ఆరోపణ. జీపుల వల్లే పులి ఊరి మీద పడుతోందని తేల్చడం కష్టం. పులులు పెరిగాయి, లాంటానా పొదలు అడవి లోపలి మేతను మింగేశాయి, అడవి అంచుదాకా నీటి పంటలు వచ్చాయి. ఇవన్నీ కారణాలే. అయినా రైతు కోపంలో అర్థం లేకపోలేదు. ఖరీదైన రిసార్టులో ఒక్క రాత్రికి అయ్యే ఖర్చు ఇక్కడి కూలీ కుటుంబం నెల ఖర్చును మించుతుంది. ఆ డబ్బు తెచ్చే జంతువే రాత్రి వచ్చి ఎద్దును చంపితే, లాభమెవరిది, నష్టమెవరిది అన్న లెక్క ఎవరైనా వేస్తారు.

ఈ లెక్క చిత్తూరు జిల్లా వాసులకు కొత్తది కాదు. 1980లలో కర్ణాటక, తమిళనాడు వైపు నుంచి ఏనుగులు దిగివచ్చాక 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగు అంటే పలమనేరు రైతుకు గుర్తొచ్చేది తొక్కేసిన చెరకు, విరిగిన డ్రిప్పు పైపులు, రాత్రి కాపలా. 2025 మే 21న బెంగళూరు విధానసౌధ ముందు కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్‌కు అప్పగించింది. పలమనేరు వైపు గుంపులను అడవిలోకి మళ్ళించే పని వాటిది. కబిని ఒడ్డున దుర్భిణితో చూస్తే తల్లిలా కనిపించే జంతువు నూటయాభై గజాల దూరంలో, చీకట్లో, మన చేనులో ఉంటే ఎలా ఉంటుందో పడవలో కూర్చున్నవారికి తెలియదు. తెలియాలని కూడా ఎవరూ అనరు. అయితే, ఏనుగులు పొలాల్లోకి పోకుండా వేసవి దాటాలంటే వాటికి ఎక్కడో ఒకచోట మేత, నీరు పుష్కలంగా ఉండాలి. కబిని ఒడ్డు అలాంటి చోటు. దాని విలువ పర్యాటకం లెక్కల్లో మాత్రమే కొలిచేది కాదు.

ఆ చోటు నిలవడం గేట్ల మీద ఆధారపడి ఉంది. కావేరి జలాల వివాదంలో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం తమిళనాడుకు బిలిగుండ్లు దగ్గర ఏటా 177.25 టీఎంసీలు చేరాలి. కబినిలో ఎంత ఉంచాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఆ ఒప్పందాలు, పంటకాలువలు, తాగునీటి అవసరాలు కలిసి నిర్ణయిస్తాయి. ఆ పద్దుల్లో ఏనుగుకు గడి లేదు. నీరు తీసే వేగం మారితే గడ్డి మొలిచే తీరు మారుతుంది. మట్టం ఎక్కువకాలం ఎత్తున నిలిపితే ఒడ్డు బయటపడదు. వరుసగా కరవు వచ్చి నీరు మరీ అడుగంటితే ఒండ్రు పగుళ్ళిచ్చి గడ్డి ఎండిపోతుంది. ఈ రెంటి మధ్య సరిపోయే మట్టం ఇన్నేళ్ళుగా కుదరడం ఎవరి ప్రణాళికా కాదు.

మే ముగుస్తుండగా అందరూ పడమర చూస్తారు. కబిని పుట్టేది వయనాడులో. పనమరం, మానంతవాడి నదులు కలిసి ఇటు దిగుతాయి. కేరళలో రుతుపవనం గట్టిగా పట్టిన వారం పది రోజులకు ఇక్కడ నీరు రంగు మారుతుంది, ఎర్రగా వస్తుంది. కావేరి పరీవాహకంలోని పెద్ద జలాశయాల్లో తరచు ముందు నిండేది ఇదే. 2018లోనైతే జూన్ నడిమికే గేట్లు ఎత్తవలసి వచ్చింది. నీరు మొదట గడ్డి అంచును తడుపుతుంది, మర్నాటికి మోకాలి లోతు, వారానికి పచ్చికంతా మాయం. టెర్న్ పిల్లల్లో ఎగరడం నేర్చినవి ఎగిరిపోతాయి, నేర్వనివి పోతాయి. అప్పటికి అడవి లోపల కూడా చిగురు వేసి ఉంటుంది కాబట్టి ఏనుగుల వంశాలు నాలుగు దిక్కులకూ చెదిరిపోతాయి. రిసార్టుల్లో గదులు చవకవుతాయి. పడవ ఇప్పుడు లాడ్జి మెట్ల దాకా వస్తుంది. మే నెలలో గుంపులు మేసిన చోటి మీదుగానే పోతుంది. కాకపోతే నడిపేవాడు వేగం తగ్గిస్తాడు. పైకి కనిపించే మోడులు సరే, నీటికి జానెడు కిందుగా ఆగిపోయినవి ఎక్కడెక్కడున్నాయో అతను గుర్తుపెట్టుకుని పోవాలి.